నానమ్మ పాట కోసం కొన్న హార్డ్ డిస్కు

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ దాకా ఏ మిద్దె మీద డిష్ గొడుగు కనిపించినా, "అది నేను బిగించిందే" అనడం బాలకిషన్ తాతకు అలవాటు. మోకాళ్లు మెట్లెక్కనివ్వక ఆ పని మానేసి చాలా ఏండ్లయింది. అయినా గల్లీలో అందరికీ ఆయన డిష్ బాలకిషనే. సిగ్నల్ మాట ఆయన ముందర ఎవరూ ఎత్తరు. ఎత్తితే చాయ చల్లారినా లేవనివ్వడు.

అట్లాంటి మనిషికి ఇంట్లోనే పరీక్ష వచ్చింది. నానమ్మ విద్యావతి పాడే భజన మండలిని ఒక భక్తి చానెల్ వాళ్లు వచ్చి చిత్రీకరించుకొని పోయారు. అందులో ఒక పాట నానమ్మ ఒక్కతే పాడింది. గురువారం పొద్దున వేస్తారట, మళ్లీ వెయ్యరట. సరిగ్గా అదే పొద్దున నారాయణగూడలో ఒక గృహప్రవేశానికి వచ్చి పాడతామని మండలి మాటిచ్చి ఉంది.

"అందరు చూస్తరు, నా పాట నేను చూసుకోనా?" అంది నానమ్మ.

"నేనుండంగ ఏంది పరేషాన్? రికార్డు పెడత. నిమ్మలంగ కూసొని చూస్కో," అన్నాడు తాత, మీసం లేకపోయినా దువ్వుకున్నంత పని చేసి.

మొదట కోడలు మాధురికి ఆఫీసులో ఊరికే ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను డిష్ బాక్సుకు గుచ్చాడు. పరీక్షకని ఒక వంటల ప్రోగ్రాం రికార్డు చేశాడు. వేసి చూస్తే వంటావిడ గరిటె పైకెత్తి అట్లాగే బిగుసుకుపోయింది. ఆమె మళ్లీ కదిలేసరికి ఉల్లిగడ్డలు నల్లబడిపోయి ఉన్నాయి.

"బొమ్మ నల్లా నీళ్ల లెక్క దునుక్కుంట వస్తది. దీని మూతి సన్నం. ఎట్ల పడ్తది?" అని పెన్‌డ్రైవ్‌ను కోడలి చేతిలో పెట్టి, హార్డ్ డిస్కు కోసం హిమాయత్‌నగర్‌కు ఆటో ఎక్కాడు.

దుకాణంలో పిల్లవాడు జేబులో పట్టే డిస్కు చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "మా బాక్సులకెల్లి వచ్చే కరెంటు దీనికి చాలదు బిడ్డా. సొంతంగ ప్లగ్గున్నది తియ్." అట్లా వెతికి వెతికి ఇటుకంత డిస్కు తెచ్చాడు, మిఠాయి డబ్బా పట్టుకున్నట్టు రెండు చేతులతో.

దాన్ని తగిలించగానే, ఇందులో ఉన్నదంతా చెరిపి నాకు తగ్గట్టు తయారు చేసుకోనా అని బాక్సు అడిగింది. కొత్త డిస్కులో ఏముంటుంది? అయినా తాత ఇంట్లో అందరినీ పిలిచి, "మీదేమన్న ఇండ్ల ఉన్నదా? తర్వాత నన్ననొద్దు," అని అడిగాకే సరే అని నొక్కాడు. మళ్లీ వంటావిడను రికార్డు చేశాడు. ఈసారి గరిటె ఆగకుండా తిరిగింది. గురువారం పాట టైముకు దానంతటదే రికార్డయ్యేట్టు బాక్సులో పెట్టాడు.

టీవీ దగ్గరి బోర్డులో ఖాళీ లేదు. అందుకని డిస్కు ప్లగ్గును పొడుగు వైరుతో తలుపు పక్క బోర్డుకు కలిపాడు. టీవీకి, బాక్సుకు ఉన్న స్విచ్చు మీద మాత్రం కాగితం అంటించాడు: "ఆపినోళ్లకు అన్నం లేదు."

గురువారం వచ్చింది. ఇల్లు కదిలేటప్పుడు తాత చేసే పనులు గల్లీ అంతటికీ తెలుసు. గ్యాస్ చూస్తాడు, నల్లా బిగిస్తాడు, కరెంటు ఊరికే కాలొద్దని స్విచ్చులాపుతాడు, తాళం వేసి దానికి వేలాడినంత పని చేస్తాడు. ఆ రోజు కూడా అన్నీ చేశాడు. కాగితం ఉన్న స్విచ్చును మాత్రం భక్తిగా వదిలిపెట్టి, హార్మోనియం ఎత్తుకొని బయల్దేరాడు.

మధ్యాహ్నానికి మండలి మొత్తం ఇంట్లో దిగింది. వాళ్లలో దుర్గమ్మ అందరికంటే ముందు చాప మీద చోటు పట్టుకుంది. తాత రిమోట్ నొక్కాడు. డిస్కు కనబడటం లేదంది బాక్సు. ఆయన చూపు వైరు వెంబడి నేల మీద పాకి, గోడ ఎక్కి, తలుపు దగ్గర ఆగింది. స్విచ్చు ఆపి ఉంది.

తాత చెవులు వేడెక్కాయి. మెల్లగా పోయి బోర్డును వీపుతో కప్పి నిలబడ్డాడు. "మేఘాలు," అన్నాడు. "ఆకాశంకెల్లే సిగ్నల్ రాలే. మనమేం జేస్తం?"

నానమ్మ మొహం వాడిపోయింది. అయినా లోపలికి పోయి చాయ పెట్టి, మొదటి కప్పు ఆయనకే ఇచ్చింది. "పోనీండ్రి, అంత తిప్పలు పడ్డరు. మబ్బుకు మీరేం జేస్తరు?"

తాత కప్పు అందుకున్నాడు, బోర్డు ముందు నుంచి మాత్రం జరగలేదు.

అప్పుడే మిద్దె మీది గదిలో కిరాయికుంటూ గ్రూప్స్‌కు చదువుకునే రేణుక వచ్చింది. "అమ్మమ్మా, ఏం పాడిన్రు! బొమ్మ అద్దం లెక్కొచ్చింది. మనకు డిష్ ఒకటే కదా తాతా, మీక్కూడ గట్లనే వచ్చుంటది."

చాప మీది చూపులన్నీ తాత వైపు తిరిగాయి. దుర్గమ్మే అంది: "మబ్బు కిందింటికి మాత్రమే పట్టినట్టుంది."

తాత బోర్డు ముందు నుంచి పక్కకు జరిగాడు. "మబ్బు గాదు. పోయేటప్పుడు ఈ స్విచ్చు నేనే ఆపిన."

చాప మీద నవ్వులు గుప్పుమన్నాయి. నానమ్మ నవ్వలేదు. ఆయన చేతిలోని కప్పు వైపే చూసింది. "స్విచ్చు ఆపితే ఆపిన్రు. నా చాయ చేతుల పట్టుకొని కూడ మబ్బులే అని ఎట్ల నిలబడ్డరు?"

తాత తాగని కప్పును టీవీ పక్కన పెట్టి, పొడుగు వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

రేణుక టీవీలో పాట వస్తుంటే ఫోన్‌తో కొంచెం తీసింది. ఒక చరణం కూడా నిండదు, మధ్యలో కుక్కర్ కూత. ఆ సాయంత్రమంతా నానమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకొని అదే చూసింది. నాకూ చూపించు అని అడిగే మొహం లేక, తాత గదికి ఆ చివర కూర్చొని విన్నాడు.

ఇప్పుడు ఇల్లు కదిలేటప్పుడు తాత చేతులు వెనక్కి కట్టుకుంటాడు. తలుపు పక్క లైటు పట్టపగలు వెలుగుతూనే ఉంటుంది.

"ఆపుండ్రి," అంటుంది నానమ్మ.

"నువ్వే ఆపు," అంటాడు తాత, నేల చూస్తూ.

ఆమె కాసేపు ఆయన్నట్లా నిలబెట్టి, అప్పుడు ఆపుతుంది.