తోలు పట్టా వేసిన పావుకోళ్ళు

నాటకం చూసేవాళ్ళు అదృష్టవంతులు. వాళ్ళకు తెర ముందు భాగమే కనిపిస్తుంది. మాకు బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో వరస చివరి ఇల్లు ఇచ్చారు. మా పెరటి గోడ అవతలి మైదానంలో ప్రతి ఏడూ నవమి ఉత్సవాలకు మన తెలుగువాళ్ళు స్టేజీ వేసేవారు. పాత స్లీపరు దుంగలు పేర్చి, పలకలు పరిచి, పైన సరుకు బళ్ళకు కప్పే తార్పాలిను కట్టేవారు. వేషాలు కట్టుకోవడానికి మా పెరడు, రంగులు కడుక్కోవడానికి మా నీళ్ళ గోలెం, టీలకు మా పొయ్యి. దేవుడి కథ ఆడే మగవాళ్ళు ఆ కథకు ఎంత దూరంలో బతుకుతారో కళ్ళారా చూసే భాగ్యం అలా నాకు ఏటేటా దొరికింది.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు డ్యూటీ దిగి వచ్చాక పళ్ళెంలో బూడిద పోసి నాకు అక్షరాలు దిద్దించారు. ఆయన దయవల్ల పురాణం నా అంతట నేను చదువుకోగలిగాను. ఆ రుణం ఈ జన్మలో తీరేది కాదు. అయితే దానివల్ల ఒక చిక్కు కూడా వచ్చింది. స్టేజీ మీద పద్యంలో ఎంత భాగం మింగేశారో, ఆ మింగినదాన్ని హార్మోనియంతో ఎలా కప్పేశారో నాకు తెలిసిపోయేది.

రాత్రంతా ఆడితే తెల్లవారుజాము డ్యూటీల వాళ్ళకు కుదరదని ఒక్కో సాయంత్రం ఒక్కో భాగం ఆడేవారు. మర్నాడు గోల్ బజార్‌లో కూరలు బేరమాడుతూ కూడా జనం తరువాతి భాగం గురించే మాట్లాడుకునేవారు. అంతటి కథకు వేషాలు ఎలా పంచేవారంటే, ఆఫీసులో గ్రేడు ప్రకారం. హెడ్డు క్లర్కుగారిది పెద్ద వేషం, అంటే తండ్రి మాట కోసం అడవికి వెళ్ళిన అన్నగారు. కథ అందరికీ తెలిసిందే కనుక పేరు రాయనక్కరలేదు. రాయాలన్నా, ఆ మనిషిని ఆ పేరుతో రాయడానికి నా చెయ్యి రాదు. స్టేజీ మెట్లు ఎక్కేసరికే ఆయనకు ఆయాసం వచ్చేది. పధ్నాలుగేళ్ళు కందమూలాలు తిని బతికిన స్వామి పొట్ట మీద పట్టు పంచె నిలబడక ముందుకు జారిపోతూ ఉండేది. గార్డులకు ఋషులు, డ్రైవర్లకు రాక్షసులు. ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్లందరికీ కోతులు. వాళ్ళలో కూడా సీనియారిటీ లేనివాడి తోక పొట్టిగా ఉండేది.

పక్కింటి ఫైర్‌మన్ భార్యను నేను వదినా అని పిలిచేదాన్ని. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు.

“మా ఇంటాయనకి మళ్ళీ కోతేషమే ఇచ్చేరొదినా,” అంది నేను ఇప్పుడు చెప్పబోయే ఏడు. “మంచిదే. కొత్తగా నేర్చుకోడానికేటీ లేదు. ఇంట్లో రోజూ చేసీదే.”

మా ఆయన ఆ ఆఫీసులోనే జూనియరు గుమాస్తా. గొంతు బాగుండేది, అబద్ధమెందుకు చెప్పాలి. కానీ ఆయన గ్రేడుకు ఈటె పట్టుకుని నిలబడే భటుడి వేషమే దక్కేది. నిలబడీ నిలబడీ ఆయనకు విసుగెత్తిపోయింది. అలాంటిది ఆ ఏడు ఒక సాయంత్రం వచ్చి, “నాకు తమ్ముడేషం ఇచ్చేరు. పావుకోళ్ళు అడిగీ తమ్ముడు,” అన్నారు. నేను సంతోషించాను. స్వామికి కొబ్బరికాయ కొట్టి, ఇన్నాళ్ళకు మా ఆయన గొంతు నీకు వినపడిందా తండ్రీ అని దణ్ణం పెట్టుకున్నాను. గ్రేడు మారకుండా వేషం ఎలా మారిందని అడగాలని నాకు తోచలేదు.

ఇక్కడ మా ఇంటి పూజ గురించి చెప్పాలి. మా ఇంట్లో విగ్రహం లేదు. మా మామగారి తండ్రి రైలు పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి ఈ అడవి దేశానికి వచ్చినప్పుడు, విగ్రహం ఊళ్ళో తన అన్నగారి దగ్గరే ఉండిపోయింది. ఈయన ఒక పనస చెక్క తెచ్చి, ఒక జత పావుకోళ్ళు చెక్కించి, పీట మీద పెట్టి, “అడవికొచ్చినోళ్ళకి ఇవి చాలు” అన్నారట. వాటిని ఎవరూ తొడగలేదు. తొడగకూడదన్నదే ఆ పూజకు మూలం. అవి స్వామి కాళ్ళ కోసం కాచుకుని ఉన్నవి. మా అత్తగారికి చూపు మందగించి, మనుషులు నీడల్లా కనిపించే రోజులు వచ్చేశాయి. ఆవిడ పొద్దుటే స్నానం చేసి, ఆ పావుకోళ్ళను రెండు చేతులతో తడిమి, ఆ చేతులు కళ్ళకు అద్దుకుంటే గాని మంచినీళ్ళు ముట్టేవారు కారు.

పావుకోళ్ళు అడిగే భాగం ఆడే రోజున మధ్యాహ్నం అత్తగారు ముందు గదిలో నడుం వాల్చారు. నేను దేవుడి గూట్లో దీపం కుందె తోమడానికి తీయబోతే పీట ఖాళీగా ఉంది. పెరట్లో సుత్తి చప్పుడు వినిపిస్తోంది. తలుపు ఓరగా తీసి చూశాను.

హెడ్డు క్లర్కుగారు మా కుర్చీలో కూర్చున్నారు. ముఖానికి అప్పుడే నీలం రంగు పూశారు, మెడ మీద ఇంకా పూయలేదు. మా పావుకోళ్ళు నేల మీద ఉన్నాయి. ఇంజన్ల షెడ్డు నుంచి వచ్చిన ఫిట్టరు ఒకడు, యంత్రాలకు వేసే పాత తోలు పట్టా ముక్క కోసి, పావుకోళ్ళకు అడ్డంగా మేకులు దిగగొడుతున్నాడు. వేళ్ళ మధ్య గుబ్బ పట్టుకుని నడవడం ఆయనకు రాదట. రెండు అడుగులు వేసి తులసికోట మీద పడబోయారట. అందుకని పట్టా.

నేను పరాయి మగవాళ్ళ ముందుకు వచ్చేదాన్ని కాదు. తలుపు చాటు నుంచే మా ఆయనను పిలిచాను.

“మీరు ఇచ్చేరా అవి?”

“ఒక్క సాయంత్రానికే.”

“అందుకేనా తమ్ముడి వేషం?”

ఆయన కిరీటం చేతిలో తిప్పుకుంటూ ఉండిపోయారు. నాకు అంతా తెలిసింది. ఇంట్లో ఉన్న స్వామి వస్తువు ఇచ్చి, స్వామికి తమ్ముడి వేషం కొనుక్కున్నారు.

“ఆ పట్టా పీకించీండి. రేపు పొద్దున్న అత్తగారు ముట్టుకుంతారు.”

“నాటకం అవగానే పీకీస్తాను. మేకుల కన్నాలు మైనంతో పూడ్చీస్తాను. అమ్మకి కనబడదులే.”

“ఆవిడ కళ్ళకి కనబడదు. వేళ్ళకి కనబడతాది.”

మా మాటలు హెడ్డు క్లర్కుగారి చెవిన పడ్డాయి. ఆయన కుర్చీలోంచి కదలకుండానే తలుపు వైపు మాట్లాడారు.

“ఏటమ్మా, ఏటి నీ బెంగ? స్వామి పావుకోళ్ళు స్వామే తొడుక్కుంతాడు. తప్పేటున్నాది? ఈ ఏషం కట్టినంతసేపూ నేనెవర్ని?”

ఆయన నవ్వుతూ అనలేదు. నిజంగా నమ్మే అన్నారు. ఎవరినైనా నేను మనసారా చులకన చేశానంటే అది ఆ క్షణంలోనే. పెద్ద జీతం మీద పెద్ద వేషం వేసుకుని, ఆ వేషం మీద దేవుణ్ణి కూడా తొడిగేసుకున్నాడు ఆ మనిషి. పక్కన నిలబడి తల ఊపిన మా ఆయన మీద కోపం కూడా రాలేదు. అంత పెద్ద భావానికి ఆయన తగరనిపించింది.

సాయంత్రం దీపాల వేళకు ఆడవాళ్ళమంతా వెదురు తడిక వెనక కూర్చున్నాం. అత్తగారు నా పక్కన, ఫైర్‌మన్ వదిన అటు పక్కన. అత్తగారికి కొడుకు పాడబోతున్నాడని సంబరం. పావుకోళ్ళ సంగతి నేను చెప్పలేదు. చెప్పడానికి నోరు వచ్చినప్పుడల్లా ఆవిడ, “వాడి గొంతు మీ మామగారిదేనే,” అంటూ నా చెయ్యి నొక్కేవారు.

మా ఆయన బాగానే పాడారు. రాజ్యం వద్దు, నీ పావుకోళ్ళు దయచెయ్యి, వాటిని సింహాసనం మీద పెట్టి నీ పేర ఏలుకుంటానని మోకాళ్ళ మీద కూర్చున్నారు. పెద్ద వేషం వారు గంభీరంగా కుడికాలు ముందుకు చాచారు. తమ్ముడు పావుకోడు పట్టుకుని లాగాడు. అది రాలేదు.

ఫిట్టరు పట్టా మధ్యాహ్నం కాలికి కొలిచి బిగించాడు. అప్పటి నుంచీ కుర్చీలో కాళ్ళు వేలాడేసి కూర్చున్న ఆ భారీ మనిషి పాదం వాచిపోయింది. తోలు చర్మంలోకి దిగిపోయింది. తమ్ముడు ఒక చేత్తో మడమ పట్టుకుని, రెండో చేత్తో చెక్క పట్టుకుని లాగాడు. అన్నగారు పక్కనున్న ఋషి గడ్డం పట్టుకుని నిలదొక్కుకోబోతే గడ్డం ఊడి చేతికి వచ్చింది. హార్మోనియం వాడు ఏమి వాయించాలో తెలియక అదే ముక్క మళ్ళీ మళ్ళీ వాయించాడు.

“ఖీంచో భాయ్, లాగు లాగు,” అని వెనక నుంచి ఎవరో అరిచారు. మైదానమంతా గొల్లుమంది.

“పావుకోళ్ళెందుకురా, మనిషినే మోసుకుపో,” అన్నాడు మరొకడు.

“అంత బరువు ఇంజను లాగాల,” అంది మా వదిన, తడిక ఇవతల నుంచి.

తెర దించేశారు. దాని వెనక, “అబ్బా, మెల్లిగా లాగవోయ్, డ్యూటీ చేస్తావా రేపట్నుంచి,” అన్న స్వామివారి పలుకులు ముందు వరస దాకా వినిపించాయి.

అత్తగారు నా వైపు తిరిగారు. “ఏటే, ఎందుకలగ నవ్వుతున్నారు? మావోడు పద్యం మర్చిపోయేడా?”

“లేదత్తా. బాగా పాడేరు. పెద్ద వేషం కాలికి పావుకోళ్ళు పట్టీసేయి. రావట్లేదు.”

“ఎవరివి?”

ఇక దాచడానికి వీలు లేకపోయింది. “మనవే అత్తా. తోలు పట్టా వేసి మేకులు కొట్టేరు.”

ఆవిడ తడిక పట్టుకుని లేచి, “పెరట్లోకి తీసుకెళ్ళు,” అన్నారు.

పరాయి మగవాళ్ళున్నారని తెలిసీ కొంగు తల మీదికి లాక్కుని తీసుకెళ్ళాను. పెరట్లో హెడ్డు క్లర్కుగారు కుర్చీలో కాళ్ళు చాపుకుని మూలుగుతున్నారు. ఒకరు ఆముదం అంటున్నారు, ఒకరు చన్నీళ్ళు అంటున్నారు. అత్తగారు నేల మీద కూర్చుని, ఆ నీలం రంగు పాదాన్ని చేతులతో తడిమారు. చెక్కను తడిమారు. పట్టా అంచును, ఒక్కొక్క మేకు తలను వేలితో తాకి చూశారు. మా ఆయన వసారా స్తంభం చాటుకు వెళ్ళిపోయారు.

“కూరల కత్తి తేవే,” అన్నారు నాతో.

“ఏటి చేస్తావమ్మా?” అన్నారు హెడ్డు క్లర్కుగారు, కాలు వెనక్కి లాక్కుంటూ.

“నీ కాలు నీకిచ్చీస్తాను నాయనా. కదలకు.”

పట్టా కింద నా వేళ్ళు అడ్డం పెట్టించి, దాన్ని నాచేతనే కోయించారు. రెండు పావుకోళ్ళూ ఊడి వచ్చాయి. ఆవిడ వాటిని ఒళ్ళో పెట్టుకోలేదు, కళ్ళకు అద్దుకోలేదు. చేతులు చాచి హెడ్డు క్లర్కుగారి ఒళ్ళో పెట్టారు.

“మా మామగారి నాటి నుంచీ ఇవి ఎవరి కాలూ ఎరగవు. ఇప్పుడు నీ కొలతకి బిగించుకున్నావు. ఇవింక చెప్పులు. నీవే. పట్టుకెళ్ళు.”

ఆ మాటకు ఏ మనిషైనా తల దించుకుంటాడనుకున్నాను. హెడ్డు క్లర్కుగారు రెండు చేతులూ జోడించారు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. మర్నాడు ఆఫీసులో, “ఆ పెద్దావిడ నన్ను సాక్షాత్తూ స్వామి అనుకుని ఇంటి పావుకోళ్ళు ఇచ్చీసింది. నా యాక్షను అలాంటిది,” అని చెప్పుకున్నారట. ఆ పావుకోళ్ళకు వార్నీషు వేయించి ముందు గదిలో గోడకు తగిలించారని కూడా తరువాత విన్నాను. మూర్ఖత్వం కూడా ఒక కవచమే. తిట్టు కూడా దాన్ని దాటి లోపలికి పోదు.

మరునాడు పొద్దున్న అత్తగారు స్నానం చేసి గూటి ముందు కూర్చున్నారు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆవిడ ఖాళీ పీటను ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమి, చేతులు కళ్ళకు అద్దుకుని, “నీళ్ళియ్యి,” అన్నారు. అంతే. కొత్తవి చెక్కిద్దామా అని అడిగితే, “పీట ఉన్నాది గదే,” అన్నారు. అలాంటి ఇంటికి నన్ను కోడలిగా పంపినందుకు స్వామికి ఆనాటి నుంచి రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం భాగంలో తమ్ముడు పావుకోళ్ళకు సింహాసనం మీద పట్టాభిషేకం చేయాలి. హెడ్డు క్లర్కుగారు వాటిని పట్టు గుడ్డలో చుట్టి తనే తెచ్చారని వదిన వచ్చి చెప్పింది. మా ఆయన రంగు పూసుకున్న ముఖంతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“అమ్మా, రావా?”

“నీకు పిలుపొచ్చినాది గదా బాబూ, వెళ్ళు,” అన్నారు అత్తగారు. “వాటికి బాగా మొక్కు. నీ హెడ్డు క్లర్కుగారివి.”

ఆయన ఇంకాసేపు గుమ్మంలోనే నిలబడి, తరువాత వెళ్ళిపోయారు. మేమిద్దరం ఇంట్లోనే ఉండిపోయాం. గోడ అవతల హార్మోనియం మొదలైంది. నేను పొయ్యి దగ్గర, అత్తగారు చేటలో బియ్యం వేళ్ళతో ఏరుతూ గుమ్మంలో. కాసేపటికి గంట మోగింది, జనం చప్పట్లు కొట్టారు.

“ఇప్పుడేటి జరుగుతున్నాది?” అని అడిగారు.

“పావుకోళ్ళకు సాష్టాంగం చేస్తున్నట్టున్నారు అత్తా.”

“అచ్ఛా,” అన్నారు ఆవిడ. ఒక రాయి ఏరి గుమ్మం అవతలికి విసిరారు. “చెయ్యనీ. నువ్వు ఆ పప్పు చూడు, అడుగంటుతున్నాది.”