అలలు ఆగవని చెప్పాను

చాలా ఏళ్ళుగా ఒక చిన్న అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నది కాబట్టే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. పెద్ద తప్పయితే తిట్టేవాళ్ళుంటారు. చిన్నదయితే ‘ఇంతేనా’ అని నవ్వేస్తారు. మీరు నవ్వకుండా చివరిదాకా వింటారనుకుని చెబుతున్నాను.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి గోదావరిఖని పక్కనున్న కరెంటు ప్లాంటుకు ఇంజనీరుగా వచ్చారు. మేము జ్యోతినగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఇంటర్ గోదావరిఖనిలో చదివాను. క్లాసులో నా పక్కన కూర్చునేది స్వరూప. వాళ్ళ నాన్న బొగ్గుబావిలో దిగే మనిషి. స్వరూప మాట్లాడితే చేతులు కూడా మాట్లాడేవి. నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు.

రెండో సంవత్సరంలో ఫిజిక్స్ సారు చర్చాపోటీ పెట్టారు. బొగ్గు అయిపోయిన రోజున, ఆగకుండా కరెంటు ఇచ్చేది ఏది? సముద్రపు అలలా, అణుశక్తా? అలల వైపు స్వరూప, అణుశక్తి వైపు నేను. గెలిచినవాళ్ళు హైదరాబాదు పోటీకి వెళ్తారు. ముందుగా ఒకసారి క్లాసులో మాట్లాడించారు. “సూర్యుడు పొద్దూకితే ఇంటికి పోతడు. గాలి మనసైతేనే వస్తది. మూడు షిఫ్టులు డ్యూటీ చేసేది అల ఒక్కటే” అంది స్వరూప. సారు చేతిలోని సుద్దముక్క కింద పెట్టడం మరిచిపోయి విన్నారు. నేను మాట్లాడినప్పుడు హాజరు వేసుకున్నారు.

ఆ సాయంత్రం బస్టాండులో అడిగింది.

“ఏమే, నేనైతే సముద్రం చూడలే. నువ్వు చూసినవ్ గదా. అలలు ఎప్పుడన్న ఆగుతయా?”

“ఆగవే. ఎప్పుడూ ఒకేలా కొడుతూనే ఉంటాయి.”

“చలికాలంల గూడ?”

“చలికాలంలో కూడా.”

మా అమ్మమ్మ ఊరు సముద్రం ఒడ్డునే. మాఘమాసంలో అక్కడ నీళ్ళు పళ్ళెంలో పోసిన నూనెలా ఉంటాయి. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మొదటిసారి అడిగినప్పుడు నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి అడిగినప్పుడు? అప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉంది. ఆలోచించుకునే చెప్పాను.

తర్వాత ఆ మాఘంలోనే మా పిన్ని కూతురి పెళ్ళికని అమ్మమ్మ ఊరు వెళ్ళి, కాలేజీ పోటీ నాటికి తిరిగివచ్చాను. స్వరూప ముందు మాట్లాడింది. అల ఆగదన్న ఒక్క మాట మీదే మొత్తం కట్టుకుంది. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత నేను లేచి, రియాక్టరు నెలల తరబడి ఒకే తీరుగా కరెంటు ఇస్తుందని చెప్పి, ఆమె వైపు తిరిగాను. “సముద్రం నేను కళ్ళారా చూశాను. చలికాలంలో అది నిద్రపోతుంది. నా స్నేహితురాలు ఎన్నడూ సముద్రం చూడలేదు. చూడని సముద్రాన్ని నమ్ముకుని ఊరికి కరెంటు ఇస్తారా?”

హాలంతా నవ్వింది. స్వరూప నన్నే చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తున్నట్టు ఉంది. జవాబు చెప్పుకోవడానికి ఆమెకు సమయం ఇచ్చారు. ‘నువ్వే గదా చెప్పినవ్’ అంటే సరిపోయేది. అనలేదు. మైకు దాకా వెళ్ళి, తిరిగి వచ్చి కూర్చుంది.

నేను హైదరాబాదు వెళ్ళాను. అక్కడ ఓడిపోయాను.

స్వరూప మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఇంజనీరింగు చదువుతానన్నది కూడా మానుకుని డిగ్రీలో చేరింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. లేదని చెప్పుకునే హక్కు మాత్రం నాకు లేదు. నేను ఇంజనీరునయ్యాను. కరెంటు తయారయ్యే చోటే ఉద్యోగం. ఇప్పుడు తెలుసు, రియాక్టరునూ ఆపుతారు, ఇంధనం మార్చడానికి, మరమ్మతుకు. ఆపితే ఒక్కసారిగా పెద్ద లోటు. సముద్రమూ కొన్నాళ్ళు మందగిస్తుంది, కానీ తీరమంతా ఒకే తీరుగా కాదు. నిజం చెప్పి ఉంటే స్వరూప ఈ జవాబు తనే వెతుక్కునేది. నాకంటే బాగా చెప్పేది. నేను లాక్కున్నది అదే.

మొన్న చలికాలంలో గోదావరిఖని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కితే లోపల స్వరూప ఉంది. వాళ్ళ నాన్న ఆరోగ్యం చెడి బావి పనికి అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం ఈమెకు వచ్చిందట, గని ఆఫీసులో చేస్తోంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. పిల్లల గురించి అడిగింది. తర్వాత తనే నవ్వుతూ అంది.

“ఆ డిబేటు యాదికుందా? మా ఆయనకు చెప్తే, నీ దోస్తు కావాలనే చేసింది అంటడు. నేను ఒప్పుకోలే. ఆగవని నాకు చెప్పినంక నువ్వు పెండ్లికని ఊరికి పోయినవ్ గదా. అలలు ఆగుడు అప్పుడే చూసుంటవ్. వచ్చినంక నాకు చెప్పనీకి టైం దొరకలే. గంతే గదనే?”

ఇన్నేళ్ళూ నా తరఫున ఆమే వాదిస్తూ వచ్చింది. కట్టుకున్నవాడితో కూడా. నేనేం చెయ్యాలి? అక్కడే చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

“ఔనే. అంతే” అన్నాను.

ఆమె నా చెయ్యి నిమిరి, దిగాల్సిన చోట దిగిపోయింది.

కాలేజీలో చెప్పిన అబద్ధానికి వయసును అడ్డం పెట్టుకుంటూ వచ్చాను. ఈ ‘ఔను’కు ఏం అడ్డం పెట్టను? అందుకే రాస్తున్నాను. క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు కూడా. ఆ పెళ్ళికి వెళ్ళినప్పుడు నేను సముద్రం వైపు పోనే లేదు. స్వరూప అడిగిన రోజునే అలలు ఆగుతాయని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఈ మాట ఇలా అక్షరాల్లో చూసుకోవడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.

ఆమెకు ఇంకా చెప్పలేదు.