అత్త నీళ్లు, కోడలి దానం

ఇప్పుడంటే మా వీధిలో ఎవరింట్లో కొళాయి కారినా నాకే కబురొస్తుంది. నేను రెంచి పట్టుకుని గడప దాటితే చాలు, కారే కొళాయిలు భయపడి వాటంతటవే ఆగిపోతాయని పక్కింటి ఓబులమ్మక్క చెబుతూ ఉంటుంది. ఆ పొగడ్తలో సగం కోసేసినా నాకు ఇంకా చాలా మిగులుతుంది. కానీ ఈ పేరు ఊరికే వచ్చిందనుకోకండి. దీని పునాదిలో ఒక పెద్ద ఉపద్రవం ఉంది. నేను చేసిన ఒకే ఒక్క పైపు పనికి ఒక పెద్దమనిషి మెడలో పూలదండ పడింది, మా అత్త మెట్ల మీద కూలబడింది, వీధి వీధంతా పండగ చేసుకుంది. పండగ లేనిది ఒక్క మా ఇంట్లోనే.

మాది బుక్కరాయసముద్రం. ఊరి పేరులోనే సముద్రం ఉంది, పక్కన అంత పెద్ద చెరువుంది. ఈ సంగతి మా వీధి కొళాయిలకు మాత్రం ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. వాటికి బుద్ధి పుట్టినప్పుడు నీళ్లొస్తాయి. అది ఎప్పుడు పుడుతుందో తెలియదు గనుక మా వీధిలో ఎవరూ కొళాయి కట్టెయ్యరు. తిప్పి వదిలేసి, కింద బిందె పెట్టి తమ పనులు చూసుకుంటారు. బిందెలో టపటప చప్పుడైందా, పొయ్యి మీద పాలు పొంగినా సరే వీధిలోకి పరుగే. ఈ అలవాటును కాస్త గుర్తుపెట్టుకోండి. నా కొంప ఎండగట్టింది ఇదే.

ఆ వారం మా ఆడబిడ్డ అత్తవారు మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. ఓళిగలు, చిత్రాన్నం, పప్పు, చారు, అన్నీ చేయాలి. కొత్త వియ్యపురాలి ముందు చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేకపోతే ఆడబిడ్డ అత్తవారింట్లో తలెత్తుకోగలదా? అందుకని మా అత్త నలుగురిని బతిమాలి ఒక ట్యాంకరు తెప్పించి, మేడ మీది ట్యాంకు నింపించింది. జానెడు వెలితిగా నిండింది. అత్త ఆ వెలితి గురించి కూడా ట్యాంకరు మనిషితో వీధి చివరిదాకా పోట్లాడుతూ వెళ్లింది.

అంతా బాగుంది గానీ వంటింటి కొళాయి కారుతోంది. అంత కష్టపడి తెచ్చిన నీళ్లు బొట్టుబొట్టుగా పోతుంటే అత్త ప్రాణం కూడా బొట్టుబొట్టుగా పోతోంది. ప్లంబరుకు ఫోన్ చేస్తే "రేపొస్తానమ్మా" అన్నాడు. మర్నాడు చేస్తే మళ్లీ రేపే.

"అత్తా, నేను బాగు చేస్తా" అన్నాను.

"ఏమ్మే, తిక్క లేసిందా? అది మొగోళ్ల పని."

"మొగోళ్లు యాడుండారత్తా? నీ కొడుకు బళ్లారి లారీలో ఉండాడు. ప్లంబరన్న రేపట్లో ఉండాడు."

ఫోన్లో వీడియో చూసి, కొళాయి విప్పి, అరిగిపోయిన వాచరు తీసేసి కొత్తది వేశాను. కారడం ఆగిపోయింది! అత్త కొళాయి కింద అరచేయి పెట్టి చాలాసేపు చూసింది. ఒక్క చుక్క కూడా పడలేదు. "పర్వాలేదే" అంది. మా అత్త నోట ఆ మాట రావడమంటే మా వైపు వాన పడటం లాంటిది. ఆ మెప్పు అక్కడే నా తలకెక్కింది.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. వాచరు మార్చిన చేయి ఊరుకుంటుందా? దానికి ఒక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మేడ మీది ట్యాంకు నుంచి వంటింట్లోకి ఒక పైపు దిగుతుంది. వీధిలోంచి మా ముంగిట్లో కొళాయికి ఇంకొక పైపు వస్తుంది. ఈ రెండింటినీ కలిపేస్తే? నీళ్లొచ్చిన రోజు వీధి నీళ్లు నేరుగా వంటింట్లోకే వచ్చేస్తాయి! బిందెలు మోసే పనే ఉండదు! ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఒక్క మగవాడికీ తోచలేదే అని జాలిపడుతూ సామాన్ల అంగడికి వెళ్లాను.

కావలసినవి చెప్పాను. అంగడి శెట్టన్న అన్నీ తీసిపెట్టి, "మధ్యలో వాల్వు ఏస్తాండావా తల్లీ?" అన్నాడు. నేను తేరుకునేలోపే, "అయినా ఇదంతా నీకెందుకు? ఇంట్లో మొగోళ్లను పంపీ, వాళ్లకు చెప్తా" అన్నాడు.

చూశారా, సరైన మాట చెప్పి, దాని తోకకు నిప్పు కట్టాడు. నాకు ఆ నిప్పే కనిపించింది.

"ఏమీ అక్కర్లేదన్నా. నీళ్లు రావల్లని పైపు ఏస్తాంటే మళ్లా దానికి అడ్డమెందుకు?"

శెట్టన్న నన్నూ, నా చేతిలోని పైపులనూ మార్చి మార్చి చూశాడు. నా తెలివికి ఆశ్చర్యపోయాడనుకుని దర్జాగా ఇంటికొచ్చాను.

ముందు మేడెక్కి ట్యాంకు వాల్వు కట్టేశాను. అది వీడియోలో చెప్పారు. బ్లేడుతో పైపులు కోసి, గమ్ము పూసి, రెండింటినీ కలిపాను. గమ్ము ఆరేదాకా అత్తను అటు రానివ్వలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మళ్లీ మేడెక్కి, ట్యాంకు వాల్వు తిప్పి దిగాను. ఒక్క అతుకూ కారలేదు. నా పనిని నేనే మెచ్చుకుంటూ నిలబడ్డానో లేదో, వీధిలోంచి ఓబులమ్మక్క కేక వేసింది.

"ఒసే, నీళ్లొచ్చినాయే!"

అది నీళ్లొచ్చే రోజు కాదు. అయినా మా ముంగిట్లో కొళాయి కూడా ధారగా పోస్తోంది! నేను పైపు బిగించిన ఘడియ అలాంటిది, గంగమ్మ తల్లే దీవించడానికి దిగొచ్చింది అనుకున్నాను. నవ్వకండి. మీరైనా అలాగే అనుకుంటారు.

వీధంతా బిందెల మోత. సరిగ్గా అప్పుడే రామాంజులన్న స్కూటరు మీద వచ్చాడు. వచ్చే ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడాలని ఆయనకు ఆశ. ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"అన్నా, ఈ పొద్దు నీళ్లు ఎట్లొచ్చినాయన్నా?"

రామాంజులన్న ఒక్క క్షణం ఆకాశంకేసి చూసి, "నేనే ఫోన్లో గట్టిగా మాట్లాడి నీళ్లు ఇడిపిచ్చినా" అన్నాడు.

ఎవరో దేవుడి పటానికని తెచ్చుకున్న కనకాంబరాల దండ తెచ్చి ఆయన మెడలో వేశారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు మండుతాయి.

"అత్తా, ట్యాంకులో జానెడు వెలితి ఉండాది గదా, ఈ నీళ్లతో పూడ్చేద్దాం" అన్నాను. కొళాయి కింద బకెట్ నింపడం, మెట్లెక్కి ట్యాంకులో పోయడం, మళ్లీ దిగడం. కొన్ని బకెట్లు పోశాక ఒక అనుమానం. నిండే ట్యాంకులో నీళ్ల చప్పుడు పైకి రావాలి గానీ, ఇది పాడుబావిలా లోతుకు పోతోందేమిటి? తొంగి చూశాను. అడుగు కనిపిస్తోంది.

మెట్ల మీద నుంచి అత్త కేకేసింది. "ఏమ్మే, యాడికొచ్చినాయి నీళ్లు?"

"తగ్గినాయత్తా."

"నీళ్లు పోస్తే తగ్గేదేందే?"

నా బుర్రలో అప్పుడు వెలిగింది. భయంగా చేయి చాపి ట్యాంకు వాల్వు కట్టేశాను. కింద వీధిలో కేకలు: "ఆగిపాయ! నీళ్లు ఆగిపాయ!" మళ్లీ తెరిచాను. "వచ్చినాయి! వచ్చినాయి!" ఇంకేం సందేహం లేదు. మేడ మీది మా నీళ్లు నేను కలిపిన పైపులోంచి వీధి పైపులోకి దిగి, తెరిచి పెట్టిన ప్రతి కొళాయిలోంచీ పోతున్నాయి. నేను మోసుకొచ్చి పోసిందీ అవే నీళ్లు!

గబగబా కట్టేశాను. సంగతి విని అత్త మెట్ల మీదే కూలబడింది. "రేప్పొద్దున వియ్యపురాలికి ఏం పెట్టి మొగం సూపించల్లే?" అంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. మా ఇంట్లో అల్లుడి దాకా పోనివ్వలేదు నేను. నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. ఆడబిడ్డ ముఖం కళ్ల ముందు మెదిలింది. పైగా ఇక ఈ జన్మలో ఎవరూ నన్ను రెంచి ముట్టుకోనివ్వరు.

కింద రామాంజులన్న గొంతు మోగుతోంది. "ఎవురూ గాబరా పడద్దండి. మళ్లా ఫోన్ చేస్తాండా. ఇప్పుడే ఇడిపిస్తా!"

ఏడుస్తున్న నాకు ఆ మాటతో ఒళ్లు మండింది. పిట్టగోడ మీది నుంచి వంగి అడిగాను.

"రామాంజులన్నా, నువ్వు చెప్తే ఇడుస్తారా?"

"క్షణంలో ఇడుస్తారు తల్లీ!" అంటూ ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

వాల్వు తెరిచాను. "వచ్చినాయి!" అని వీధంతా అరిచింది. ఆయన దండ సర్దుకున్నాడు.

"ఇంగ ఆపమని చెప్పన్నా!"

"ఆపమనా? ఎందుకమ్మా?"

ఆయన మాట పూర్తయ్యేలోపే కట్టేశాను. "పాయ!" అన్నారందరూ. ఒక్కొక్కరి చూపు ఆయన మీద నుంచి తిరిగి మేడ మీదికి, వాల్వు మీదున్న నా చేతి మీదికి వచ్చింది. ముందుగా ఓబులమ్మక్క పగలబడి నవ్వింది.

"ఒసే పద్దా, ఈ నీళ్లు నీవా!"

"నావి కాదక్కా, మా అత్తవి" అన్నాను. రేపటి భోజనం సంగతి, ట్యాంకరు సంగతి అన్నీ అక్కడి నుంచే చెప్పేశాను. ఓబులమ్మక్క నవ్వు ఆపి కొంగు బిగించింది. తన బిందె భుజానికెత్తుకుని, "పట్టండే!" అంది. వీధి ఆడవాళ్లంతా మా మెట్ల మీద వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చారు. రామాంజులన్న కూడా దండతో సహా ఒక కడవ మోశాడు. ఇంట్లో దాచుకున్న నీళ్లు కూడా కొందరు కలిపి తెచ్చారు. చూస్తుండగానే ట్యాంకు నిండింది. అత్త పోట్లాడిన జానెడు వెలితి కూడా పూడిపోయింది.

అప్పుడే శెట్టన్న అంగడికి వెళ్లాను. "నీళ్లు వచ్చేదే గానీ తిరిగి పోకుండా ఆపే వాల్వు ఉంటాది గదా, అది ఇయ్యన్నా."

"మొగోళ్లను పంపలేదే?"

"ఒగ వాల్వుతో వీధి వీధినంతా ఆడించొచ్చినా. మొగోళ్లెందుకన్నా?"

సాయంత్రానికల్లా బిగించాను. మర్నాడు వియ్యపురాలు వంటింట్లో చేతులు కడుక్కుంటుంటే మా అత్త పక్కన నిలబడి, "ఈ పైపులన్నీ మా కోడలే ఏసింది. ఆ ప్లంబరోళ్లకు ఏం తెల్సు?" అంది. వియ్యపురాలు ఓళిగ తింటూనే వాళ్లింట్లో కారే కొళాయి సంగతి ఎత్తింది. నా మొదటి పిలుపు అదే.

కాబట్టి రెంచి మీద చేయి వేసి, గమ్ము డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట వాల్వు లేకుండా రెండు పైపులకు పెళ్లి చేయను. నీళ్లొచ్చాయన్న కేక వినిపిస్తే ముందు మేడెక్కి మా ట్యాంకు చూసుకుంటాను. ఎండాకాలంలో వీధి ఆడవాళ్లంతా వచ్చి, "ఒగసారి ఆ వాల్వు పీకెయ్ పద్దా" అని ఎంత బతిమాలినా సరే పీకను. మరీ అవసరమైతే రామాంజులన్ననే ఫోన్ చేయమంటాను.