ఎర్ర పొగలో మనిషి

మా మనవరాలు సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో చేరాక, యాప్రాల్‌లో మా డాబా మీద నుంచి ఆకాశం ఫొటోలు తియ్యడం మొదలుపెట్టింది. ముందు రంగుల ఫొటో తీసేది. తరవాత కెమెరాలో చిన్న గాజుబిళ్ళ పెట్టి, అదే చోటు నలుపు తెలుపులో తీసేది. ఆ బిళ్ళ హైడ్రోజన్ ఇచ్చే ఎర్ర వెలుగును తప్ప మరి దేన్నీ లోపలికి రానివ్వదట. ఆఖరికి కంప్యూటర్లో ఈ రెండోదాన్ని మొదటిదాని ఎరుపులో కలిపేది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, నాకర్థమైంది ఇంతే. మన కంటికి ఖాళీగా ఉన్నచోట ఎర్రటి పొగ ఉంది. కలిపితే బయటికొస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. నాలుగు నెలల పని, సాయంత్రానికి ప్రదర్శనకు పంపాలి. ఎవరూ చూపించని నల్లమబ్బు దొరికిందని, ఫొటో కింద తన పేరు ఉంటుందని దాని సంబరం.

తెర మీద ఒక మీటను కొంచెం కొంచెంగా జరిపింది. నల్లటి ఆకాశంలో ఎరుపు ఊరింది, పసుపులో సున్నం పడ్డట్టు. ఎక్కువైతే చుక్కలు కూడా ఎర్రబడిపోతాయంటూనే ఇంకాస్త జరిపింది. ఆ ఎరుపులో నల్లగా ఒక మనిషి నిలబడ్డాడు. తల వంచుకుని ఉన్నాడు, కాళ్ళు లేవు. మీట వెనక్కి లాగితే పోయేవాడు, ముందుకు తోస్తే వచ్చేవాడు.

"ఏటే ఇది?"

"ధూళి, మామ్మా. వెనకాల ఎర్ర వెలుగుంటేనే కనపడుతుంది."

నాకు నమ్మకం కుదరలేదు. వేరే దిక్కున తీసింది చూపించమన్నాను. విసుక్కుంటూ తెరిచింది. చుక్కలు వేరు, పొగ వేరు. మనిషి మాత్రం అదే కుడిపక్క, అంతే ఎత్తున ఉన్నాడు. ఇంకోటి తెరిచింది. అక్కడా ఉన్నాడు. ఎటు తిరిగినా మాకంటే ముందెళ్ళి నిలబడ్డట్టే ఉంది.

మనవరాలు లేచి కెమెరా విప్పింది. గాజుబిళ్ళ కిటికీ వెలుగుకు వంచి చూసింది. అంచున జిడ్డు మరక, అదే మనిషి ఆకారం.

"దీన్నెవరు ముట్టుకున్నారు మామ్మా?"

ఈ ఇంట్లో అలా అడిగేదాన్ని ఎప్పుడూ నేనే. పనిమనిషి పేరు నోటిదాకా వచ్చింది. అంతలో గుర్తొచ్చింది. బిళ్ళ కొన్న కొత్తలో దుమ్ము కనపడితే, దాని తుడుపు కాగితం ఒకసారి వాడి పారెయ్యడానికి ప్రాణం ఒప్పక, కొంగుతో తుడిచాను. తలకు నూనె రాసుకున్న చెయ్యి. బొటనవేలు ఆనించి గట్టిగా తుడిచాను.

"నేనే," అన్నాను.

తిట్టినా బాగుండేది. ఫొటో పంపలేదు. ఆ నలుపు తెలుపు ఫొటోలన్నీ తెరిచి చూసి ఒక్కొక్కటే చెరిపేస్తుంటే, లేచిపోవడానికి మనసొప్పక పక్కనే కూర్చున్నాను. ప్రతిదాంట్లోనూ నేనున్నాను, తల వంచుకుని.