మచ్చ ఎర్రబడింది, పత్రిక తీసుకోలేదు

నా ఎడమ ముంజేతి మీద రూపాయంత తెల్ల మచ్చ వచ్చింది. అది చూసినప్పటి నుంచి మన రీడింగ్ రూము కార్యదర్శి, అందరూ చదివి వెళ్ళాకే పత్రిక నా చేతికి ఇస్తున్నాడు. కుష్టు అనే మాట మాత్రం నోట పలకడు.

ఈ రోజు దవాఖానాకు వెళ్ళాను. డాక్టరమ్మ మచ్చ మీద ఒక మందు చుక్క, పక్కన మంచి చర్మం మీద ఒక చుక్క వేసి, రెండు చోట్లా సూదితో గుచ్చింది.

"జర ఆగుండ్రి సార్. నరం బతికుంటే లోపలి సన్న రక్తనాళాలు విచ్చుకుంటయి, చుట్టూ ఎర్రగైతది. కుష్టు మచ్చయితే గట్ల గాదు" అంది.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పరీక్షలు పెట్టినవాణ్ణి, ఈసారి నేనే పరీక్షకు కూర్చున్నాను. రెండు చోట్లా ఎరుపు పాకింది.

నేరుగా వెళ్ళి కార్యదర్శి ముందు చెయ్యి చాపి సంగతి చెప్పాను.

"ఏం లేదని తేలింది గద సార్. గిప్పటి నుంచి ముందుగాల మీరే తీస్కోండ్రి" అని పత్రిక అందించాడు.

"ఎర్రగ గాకపోతే ఇయ్యకపోదువా?" అన్నాను.

అతను బల్ల సర్దుకోసాగాడు.

పత్రిక అక్కడే వదిలి మళ్ళీ దవాఖానాకు నడిచాను. పొద్దున ఇదే పరీక్షకు నా పక్కన కూర్చున్న నేతగాడికి మచ్చ మీద ఎరుపు పాకలేదు. మందు కోసం ఇంకా అక్కడే ఉన్నాడు. చదువు వచ్చినవాడు. రేపు రీడింగ్ రూముకు నాతో రమ్మంటే సరేనన్నాడు. మొదటి పేజీ అతను చదివాకే నేను చదువుతాను. రీడింగ్ రూముకు వచ్చే మీలో అభ్యంతరం ఉన్నవాళ్ళు వచ్చి మా ఎదుట కూర్చుని చెప్పండి.