కంటి వాటా

మూడు మైళ్ళ దూరంలో ఎగిరే డేగ ఆడదో మగదో చెప్పగలడు మా బావ బెల్గాసిం. తన పళ్ళెంలో పడ్డ ఈగను మాత్రం చూడలేడు. ఆలివ్ కాయనుకుని నోట్లో పెట్టుకోబోతుంటే నేనే రెండుసార్లు చెయ్యి పట్టుకుని ఆపాను. "నాకు కనపడిందిలేరా, నిన్ను పరీక్షిస్తున్నా" అన్నాడు. కింద పడ్డా పైచెయ్యి నాదేననే రకం.

యాభై మూడేళ్ళవాడు. మత్రూహ్ పట్నంలో కళ్ళడాక్టరు దగ్గర అద్దాలు చేయించుకుని, వాటిని ట్రక్కులో టీ డబ్బా వెనక దొంగసొత్తులా దాచేవాడు. దారపు ఉచ్చులకు ముడులు వెయ్యాలంటే మాత్రం అద్దాలు తప్పవు. అందుకని మాకు వీపు తిప్పి కూర్చుని పెట్టుకునేవాడు. ఎవరైనా దగ్గారంటే చాలు, అవి జేబులోకి పోయేవి.

అంత దాపరికం ఎందుకంటే, ఊళ్ళో అతని పేరంతా ఆ కళ్ళమీదే నిలబడింది. డేగల్ని ప్రాణాలతో పట్టి అమ్మే మా వేటలో ఒక కట్టుబాటు ఉంది. డేగను అందరికంటే ముందు చూసి, పైకి గట్టిగా చెప్పినవాడికి అమ్మకంలో నాలుగో వంతు. దాన్ని కంటి వాటా అంటాం. మిగతా మూడు వంతులు పెట్టుబడి పెట్టినవాళ్ళూ, ట్రక్కు యజమానీ, పట్టినవాళ్ళూ పంచుకుంటారు. ఇరవై ఏళ్ళుగా కంటి వాటా బావదే. నాకు ఒక్కసారీ దక్కలేదు. నేను తలెత్తేసరికి అతను ఆ పిట్ట వయసు కూడా చెప్పేసి ఉండేవాడు.

వేటలో వచ్చిన డబ్బు అతని చేతిలో నిలిచేది కాదు. పెట్టుబడులంటే పిచ్చి. తేనెపెట్టెలు కొంటే ఈగలు ఎగిరిపోయాయి. అంజూర తోటలో వాటా కొంటే మేకలు మేసిపోయాయి. ఒకసారి సగం ట్రక్కు కొన్నాడు. ఇంజను పోయినప్పుడు, "చూశావా, పాడైంది వాళ్ళ సగమే" అని నాతో చెప్పి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ సగానికి పెట్టిన డబ్బులో నాదీ కొంత ఉంది మరి.

శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం అతను ఎవరికీ దొరకడు. బడి వెనక రాళ్ళ మైదానంలో ముప్పై ఏళ్ళుగా గోల్ కాపలా కాస్తున్నాడు. నేను అతని ముందు డిఫెన్సులో ఆడతాను. వెనకనుంచి ఆటంతా తిట్టిపోస్తూనే ఉంటాడు. కుడి, ఎడమ అనడు. సగం ఆట అయ్యాక వైపులు మారినా మేం తికమక పడకూడదని, "సముద్రం వైపు జరగరా! ఇసుక వైపు! ఇసుక వైపురా మొద్దూ!" అని అరుస్తాడు. మా మైదానానికి ఉత్తరాన సముద్రం, దక్షిణాన ఎడారి. ఆ రెండూ ఎప్పుడూ వైపులు మార్చుకోవు.

ఆ ఏడాది డేగల వేటకు ముగ్గురం వెళ్ళాం. బావ, నేను, మా పెదనాన్న కొడుకు సెనూసి. పెట్టుబడి పోగుచేసింది సెనూసియే. ఊళ్ళో గడప గడపకూ తిరిగి, "ఒక్క పెద్ద ఆడ డేగ పడితే గల్ఫ్‌వాళ్ళు ఇల్లు కట్టుకునేంత ఇస్తారు" అని చెప్పి వాటాలు అమ్మాడు. అందరికంటే పెద్ద వాటా సదీనా పెద్దమ్మది. మొగుడు పోయాక మిగిలిన రెండు ఒంటెలను అమ్మి తెచ్చి ఇచ్చింది. నా భార్య మబ్రూకా చేతి కడియం తీసిచ్చింది. "మా అన్న కళ్ళమీద నమ్మకం. నీమీద కాదు" అని మరీ చెప్పి ఇచ్చింది.

నలభై రోజుల వేట. ముప్పై ఆరు రోజులు గడిచినా డేగ జాడ లేదు. బూడిదలో కాల్చిన రొట్టె, ఖర్జూరం, టీ. ఒకరి మొహం చూస్తే ఒకరికి విసుగు. సెనూసి రోజూ పొద్దున్నే రోజులు లెక్కపెట్టేవాడు, పైకి వినపడేలా.

ముప్పై ఏడో రోజు సాయంత్రం పొద్దు పడమటికి వాలుతుండగా, బావ టీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

"అదిగో" అన్నాడు. "ఆడది. ముదురు రంగు. నాలుగేళ్ళది."

నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. చాలాసేపటికి ఒక చుక్క కనపడింది.

ఎర పావురాన్ని నేనే వదిలాను. దాని వంటికి గుడ్డ చొక్కా, చొక్కా నిండా బావ వేసిన దారపు ఉచ్చులు. కాలికి పొడవాటి తాడు, తాడు కొసకు కర్ర. డేగ పావురాన్ని తన్నినప్పుడు గోళ్ళు ఉచ్చుల్లో చిక్కుకుంటాయి. కర్ర బరువుకి దూరం ఎగరలేక దిగిపోతుంది. ఆ కర్ర కట్టింది నేను. తేలికైనది కట్టాను. ముప్పై ఏడు రోజులు పిట్ట రాకపోతే చేతులకు కూడా బద్ధకం వస్తుంది. నా తప్పు నేనే చెప్పుకుంటున్నా.

డేగ రాయిలా పడింది, తన్నింది, చిక్కింది. మేం ముగ్గురం ఒక్క కేక పెట్టాం. అది కిందికి దిగినట్టే దిగి, పావురాన్నీ తాడునూ కర్రనూ ఈడ్చుకుంటూ మళ్ళీ లేచింది. నేలకు నిలువెత్తున ఎగురుతూ, వాలుతూ, లేస్తూ తూర్పుకి పోయింది. బావ దాని వెంట పరుగెత్తాడు.

డేగలవాళ్ళం పరుగెత్తితే చూపు పైనే ఉంటుంది, కాళ్ళు వాటి దారి అవి చూసుకుంటాయి. చిన్నప్పటినుంచీ అలాగే నేర్చుకున్నాం. ఆ రోజు బావ కాళ్ళు చూసుకోలేదు. గొర్రెలకాపరులు పేర్చి, ఎర్ర గుడ్డపేలికలు కట్టిన రాళ్ళ వరస ఒకటి వచ్చింది. అతను దాన్ని దాటేశాడు.

దాని అవతల మందుపాతరలు. మా తాతల కాలంలో పరాయి సైన్యాలు మా నేలమీద కొట్లాడుకుని పాతిపోయినవి. ఇప్పటికీ ఏటా ఏ ఒంటెనో, ఏ మనిషినో పొట్టనపెట్టుకుంటాయి.

"బావా, ఆగు! కింద చూడు! రాళ్ళు దాటావు!" అని అరిచాను.

అతను ఆగాడు. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, అలాగే. అప్పటికే అరవై అడుగులు లోపల ఉన్నాడు. మెల్లగా తల తిప్పి నావైపు చూశాడు. అంత దూరంనుంచి కూడా అతని మొహం పాలిపోవడం తెలిసింది.

"వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రా" అన్నాను. మూడు రోజుల కిందట చినుకులు పడి మట్టిమీద పల్చటి పెచ్చు కట్టింది. అతను అడుగేసిన చోటల్లా అది విరిగింది.

అతను వంగి చూశాడు. కళ్ళు చికిలించాడు. ఇంకా వంగాడు.

"ఫరజ్," అన్నాడు, "నాకేం కనపట్లేదురా."

అద్దాలు టీ డబ్బా వెనక ఉన్నాయి.

అతనికి పది అడుగుల అవతల తుప్పుపట్టిన ముళ్ళతీగకు తాడు చుట్టుకుని డేగ తలకిందులుగా వేలాడుతోంది. రెక్కలు కొట్టుకుంటోంది. పావురం ఎప్పుడో చచ్చిపోయింది.

"పది అడుగులే కదా!" అని అరిచాడు సెనూసి. "ఎలాగూ లోపలే ఉన్నావు. పట్టుకొచ్చెయ్!"

"నోరుముయ్యి అన్నా!" అని గద్దించాను.

"నువ్వు ముయ్యరా! ఊరంతా నన్ను నమ్మి ఇచ్చింది. పెద్దమ్మ ఒంటెల్ని అమ్ముకుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను నేను?"

బావ మా ఇద్దర్నీ పట్టించుకోలేదు. తీగ దగ్గర ఒక రాతిపలక తేలి ఉంది. రాతిలో ఎవడూ మందుపాతర పాతలేడు. ఆ పలకకీ అతనికీ మధ్య మూడు అడుగుల మట్టి.

"నా తాడుతో వేలాడుతోంది" అన్నాడు. "అలా చావనిచ్చి వస్తే నేనింకెప్పుడూ ఉచ్చు ముట్టుకోకూడదు."

"బిస్మిల్లా" అని ఒక అడుగు వేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పలకమీద ఉన్నాడు. తలగుడ్డ విప్పి డేగమీద కప్పి, కాళ్ళు ఒడిసిపట్టి, పావురాన్నీ తాడునూ తెంపేసి, తీగనుంచి తప్పించాడు. సెనూసి నుదురు నేలకి ఆనించి దేవుడికి సజ్దా చేశాడు.

వెనక్కి రావడమే మిగిలింది. బైనాక్యులర్స్ పట్టుకుని రాళ్ళ వరస దగ్గర నిలబడ్డాను. పొద్దు నా వీపు వెనక, వాలుగా. అతని అడుగులు ఒక్కొక్కటీ నాకు చక్కగా కనపడుతున్నాయి. అతనికి మాత్రం ఎండ సూటిగా కళ్ళలో పడుతోంది. ఆ ఎండ కూడా ఇంకో అరగంటే.

"నేను చెప్తా, నువ్వు వెయ్యి" అన్నాను. "ముందుకి, చిన్న అడుగు. ఎడమకి."

అతను కాలెత్తి ఎడమకి తిప్పాడు. ఎటు? ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ నా కుడి. నా పై ప్రాణం పైనే పోయింది.

"కాదు! దించకు! సముద్రం వైపు! సముద్రం వైపు బావా!"

గాల్లో ఆగిన కాలు అటు జరిగింది, దిగింది. సరిగ్గా విరిగిన పెచ్చులోకే.

"మొద్దూ," అన్నాడు బావ, "ముప్పై ఏళ్ళుగా ఏం నేర్పాన్రా నీకు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మైదానంలోని ఆ కేకలు పట్టుకునే అడుగులు సాగాయి. "సముద్రం వైపు, బెత్తెడు. ఇప్పుడు తిన్నగా. ఇసుక వైపు, కొంచెం." నాలుగు అడుగులు, ఆరు, తొమ్మిది. పదో అడుగులో గుడ్డలోపలున్న డేగ ఒక్కసారిగా గింజుకుంది. బావ తూలాడు. కాలు గుర్తుకి పక్కన, జానెడు దూరంలో పడింది.

ఏమీ కాలేదు.

"పిట్టను వదిలెయ్. రెండు చేతులూ చాచుకుంటే గానీ తూలకుండా నడవలేవు" అన్నాను.

"గట్టిగా పట్టుకుంటాలే."

"వదులు బావా!"

"వదలొద్దు!" సెనూసి నా వెనకనుంచి. "ఆ పిట్ట నీ ఒక్కడిది కాదు!"

అతను ఇంకో అడుగుకి కాలెత్తాడు, డేగ మళ్ళీ గింజుకుంది. నాకు కోపం తలకెక్కింది. ట్రక్కుకి పరుగెత్తి, టీ డబ్బా తన్నేసి అద్దాలు తీసుకొచ్చాను. బెల్గాసిం చూస్తుండగానే రాళ్ళ వరస దాటి అతని మొదటి అడుగు గుర్తులో నా కాలు పెట్టాను.

"ఏం చేస్తున్నావురా?"

"అద్దాలు తెస్తున్నా. చేతులు ఖాళీ లేవుగా నీకు. నేనే పెడతా." రెండో గుర్తులో కాలు పెట్టాను. నా పాదం అతనిదానికంటే పెద్దది. గుర్తులోంచి వేళ్ళు బయటికే ఉన్నాయి. భయం వేసింది, కాదనను. కానీ ఆగలేదు.

"ఫరజ్, ఆగు. నా చెల్లెలికి ఏం చెప్పుకోనురా నేను? ఆగరా!"

మూడో అడుగు ఎత్తాను.

అతను తలగుడ్డ లాగేశాడు. డేగ కాలికి చుట్టుకున్న ఉచ్చు దారాన్ని పళ్ళతో కొరికి, రెండు చేతులూ పైకెత్తి వదిలాడు. అది మా తలలమీదుగా ఎర్రటి వెలుగులోకి పోయింది, ఒంటిమీద దారప్పోగు కూడా లేకుండా. సెనూసి పెట్టిన కేక నేను చెప్పను. పాపం, అది అతని తప్పు కాదు.

"ఇప్పుడు వెనక్కి పోయి చెప్పు" అన్నాడు బావ.

గోల్ ముందు నిలబడినట్టు చేతులు చాచి నిలబడ్డాడు. నేను చెప్పాను, అతను వేశాడు. చివరి అడుగులకి పొద్దు సగం మునిగింది. రాళ్ళు దాటాక అతను చతికిలబడ్డాడు. పట్టుకోబోయి నేనూ కూలబడ్డాను. ఇద్దరం ఒకరి మెడ ఒకరం పట్టుకుని బావురుమన్నాం.

మిగిలిన మూడు రోజులూ ఏమీ పడలేదు.

వేట ముగిశాక వాటాదార్లందర్నీ చాపమీద కూర్చోబెట్టి, ఏం పట్టామో ఏం పోగొట్టామో దాచకుండా చెప్పాలి. అదీ మా కట్టుబాటే. ఆ రోజు సెనూసి ఇంటిముందు ముప్పై మంది కూర్చున్నారు. బావ అంతా చెప్పాడు, తన చేతులతో తానే వదిలానని కూడా. అద్దాల సంగతి దగ్గరికి వచ్చాడు. వాటిని జేబులోంచి తీసి అందరి ఎదుటా పెట్టుకున్నాడు.

"ఇవి లేకపోతే నా కాళ్ళు నాకు కనపడవు" అన్నాడు. "ఆ సంగతి మీకు ముందే చెప్పి వాటాలు తీసుకోవాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

కొందరు గొణిగారు. ఒకడు చాప దులుపుకుని లేచిపోయాడు. వాడు ఇప్పటికీ మాతో మాట్లాడడు, నేనూ వాణ్ని తప్పుపట్టను. సదీనా పెద్దమ్మ మాత్రం బావవైపు తిరిగింది.

"ఒంటెలు పోతే పోయాయి" అంది. "పిట్ట పడితే తీసుకునేదాన్నిగా, పడకపోతే ఏడిస్తే ఎలా? అయితే మొత్తానికి ఈ ఏడు ఏమీ పట్టుకురాలేదంటావు."

"పట్టుకొచ్చాం పెద్దమ్మా," అన్నాడు బావ. "నన్ను. నా అడుగుల్ని ముందు చూసింది ఫరజ్. చూసి గట్టిగా చెప్పాడు, సముద్రం దాకా వినపడేలా. కట్టుబాటు ప్రకారం నాలుగో వంతు వాడిది. నాకున్నవి రెండు చేతులు, రెండు కాళ్ళు. ఏది కావాలో వాణ్నే తీసుకోమనండి."

అందరూ నావైపు చూశారు. ఆడవాళ్ళలో కూర్చున్న మబ్రూకా బోసిచేతిని ముసుగులో దాచుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. నేను అతని ఎడంకాలు చూపించాను, పదో అడుగులో పక్కకి జారింది అదే.

శుక్రవారం బంతి ఎడమ పక్కకి వచ్చినప్పుడల్లా బావ ఇప్పుడు అద్దాలు సర్దుకుంటూ, "నీ కాలితో ఆపానురా, చూసుకో!" అని వెనకనుంచి అరుస్తాడు. నేను చూసుకుంటాను.