పసుపు బస్తా మీద గురి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక తుపాకి ఉండేదని చెబితే మా మనవరాలు నమ్మదు, నవ్వుతుంది. నవ్వనీ. ఉండేది. మందుగుండు తుపాకి కాదులెండి, ఎయిర్ గన్. లోపల ఒక స్ప్రింగు, అది తోసే గాలి, ఆ గాలికి ఎగిరే సీసపు ఛర్రా. ఛర్రా అంటే కందిగింజంత ఉండే గుండు. ఆర్మూరులో మా వాడంతా దాన్ని ఛర్రాల తుపాకి అనేవారు. నేను దాన్ని తుడిచాను, నూనె వేశాను, పేల్చాను, దానితో పక్కింటి కిటికీ అద్దం కూడా పగలగొట్టాను. అద్దం పగిలిన రోజున మా ఇంట్లో నన్ను తల వంచమన్నారు. నేను వంచలేదు. ఎందుకు వంచలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ తుపాకి మా మేనత్తది. మామయ్య దుబాయి పోకముందు జాతరల్లో బుగ్గల దుకాణం, అంటే బెలూన్లు కొట్టించే దుకాణం, పెట్టేవాడు. చెక్కకు రంగురంగుల బుగ్గలు వరుసగా కట్టి, వచ్చినవాళ్ల చేతికి తుపాకి ఇచ్చి కొట్టించేవాడు. అత్త బుగ్గలు ఊదేది, ఛర్రాలు అందించేది, పొద్దుగూకే వేళకు తుపాకులన్నీ తుడిచి పెట్టేది. దుబాయి పోయేటప్పుడు మామయ్య సామానంతా అమ్మేసి, ఉన్నవాటిలో మంచి తుపాకి ఒక్కటి అత్త దగ్గర ఉంచాడు. తిరిగొచ్చాక దానితోనే మళ్లీ దుకాణం మొదలుపెడదామని ఇద్దరి మాట. అత్త మా ఇంటికి వచ్చి, పగలంతా బీడీలు చుడుతూ, ఆయన కోసం ఎదురు చూస్తూ ఉండేది. మామయ్య గొంతు నింపి పంపే క్యాసెట్లలో అందరి క్షేమాలూ అయ్యాక చివర ఒక మాట ఉండేది, తుపాకికి నూనె వేస్తున్నావా అని. ఆ మాట దగ్గర అత్త టేపురికార్డరు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేది.

తుపాకిని ఎలా చూసుకోవాలో అత్త నాకు ముందే నేర్పింది. గొట్టాన్ని కీలు దగ్గర కిందికి వంచి ఛర్రా పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టాన్ని పట్టే ఉండాలి, లేకపోతే అది ఎగిరొచ్చి వేళ్లు నలగ్గొడుతుంది. ఛర్రా లేకుండా ఉత్తగా పేల్చకూడదు, లోపలి తోలు వాషరు చెడిపోతుంది. స్ప్రింగు ఎక్కించి అట్లాగే గోడకు ఆనించి పోకూడదు. కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువైతే పొగ చిమ్మి ఢామ్మంటుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పేల్చడం మాత్రం పన్నెండేళ్లు నిండాకే అనేది. నాకప్పుడు పదకొండు. ఆ ఒక్క ఏడాది ఎప్పుడు గడుస్తుందా అని నా ప్రాణం కొట్టుకులాడేది.

పేల్చే భాగ్యమంతా మా పెదనాన్న కొడుకుది. నాకు అన్న, కాలేజీలో చదివేవాడు. ఆదివారం పూట పెరట్లో నిలబడి గడ్డివాముకు కట్టిన అట్టముక్కలు కొట్టేవాడు. గురి బాగానే ఉండేది, కాదనను. దానికి మించి గొప్పలు ఉండేవి.

అది పసుపు కాలం. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగుపెట్టిన కొమ్ములు బస్తాలకెత్తి, మార్కెట్టుకు తోలడానికి పెరట్లో పేర్చి ఉన్నాయి. ఆ రోజుల్లో మా ఊరిలో కట్టుకున్న బట్ట, తాగే నీళ్లు, పీల్చే గాలి అన్నీ పచ్చగానే ఉండేవి. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. కొత్తగా ఏ పని మొదలుపెట్టినా, పలక కానీ, కొత్త బట్టలు కానీ, ముందు పసుపు బస్తా మీద పెట్టి దండం పెట్టుకుని తీసుకోవాలి. నేను బడికి పోయిన మొదటి రోజు నా పలకను కూడా అట్లాగే పెట్టారు.

ఆ రోజు అత్త చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయింది. నేను అన్న వెంటపడ్డాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అని బతిమాలాను. వాడు కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. గోడ మీద ఖాళీ పాలపొడి డబ్బా పెట్టాడు.

"ఆడిపిల్లవు, నీ చెయ్యి వణుకుతది. గా పసుపు బస్తా మీద ఆనిచ్చి కొట్టు. మొదటిసారి గదా, శుభం గూడ" అన్నాడు.

నాకూ అది సబబుగానే తోచింది. బస్తా మీద గొట్టం ఆనించి, ఒక కన్ను మూసి, డబ్బా నడిమి మీద గురి పెట్టి ట్రిగ్గర్ నొక్కాను. డబ్బా కదలలేదు. దాని వెనక, పక్కింటి మేడ మీద కిటికీ అద్దం భళ్లుమని రాలింది. లోపల ఆ ఇంటి ముసలమ్మ కూర్చుని ఉంది. గాజు పెంకులు ఆమె ఒళ్లో పడ్డాయట. దేవుడి దయవల్ల గీరుకు కూడా పోలేదు. నేను తుపాకి పట్టుకుని నిలబడే ఉన్నాను. పక్కకు తిరిగి చూస్తే మా అన్న లేడు, చెప్పులేసుకుని గల్లీ దాటిపోయాడు.

పక్కింటి పెద్దాయన వచ్చాడు. ఆయన వెనక సగం వాడ వచ్చింది. ఈ పిల్ల కావాలనే కొట్టిందని ఆయన వాదన. మొన్న మేడ మీద ఆడుతుంటే కసురుకున్నానని కక్ష పెట్టుకుందన్నాడు. మా పెదనాన్న అసలు ఏం జరిగిందని కూడా అడగలేదు.

"ఆడిపిల్ల చేతికి తుపాకి ఎవలిచ్చిండ్రు?" అని ఒకటే కేక.

అప్పటికప్పుడు తీర్పు చెప్పేశాడు. నేను పెద్దాయన కాళ్లు మొక్కాలి. కావాలని కొట్టాననీ, ఇక జన్మలో ముట్టుకోననీ అనాలి. రేపు పొద్దున పాత ఇనుపసామాను వాడు వస్తే తుపాకి వాడికి ఎత్తేయాలి. ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాకు పడే శిక్ష సంగతి సరే, నేను చేసినదానికి అత్త తుపాకి పాత రేకుల్లో కలిసిపోతుంది. మామయ్యకు క్యాసెట్లో ఏమని చెప్పుకుంటుంది?

నేను పోయి కాళ్లు మొక్కాను. కానీ లేచి నిలబడి అన్నాను, "అద్దం పలిగింది, మొక్కిన. కావాలని కొట్టిన అని మాత్రం చెప్ప. నేను డబ్బాకే గురి వెట్టిన."

చెంప ఛెళ్లుమంది. మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పాను. మొండిఘటం అన్నారు, పొగరు అన్నారు, మా అమ్మ పెంపకాన్ని కూడా తిట్టారు. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి కానీ నా మాట మారలేదు. అన్న పేరు కూడా నేను చెప్పలేదు. వాడే వచ్చి చెప్పాలని నా పంతం.

అత్త వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆమె నన్ను తిట్టలేదు, దగ్గరికీ తీసుకోలేదు. పెదనాన్న దగ్గరికి పోయి, "రేపు పొద్దుగాల దాక ఆగు అన్నా. గంతే అడుగుతున్న" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయి, ఎక్కడ నిలబడ్డావు, డబ్బా ఎక్కడ ఉంది, తుపాకి దేని మీద పెట్టావు అని ఒక్కొక్కటే అడిగింది. బస్తా అనగానే ఆమె మొహంలో ఏదో కదిలింది. పోయి బస్తాను గుప్పిటతో కొట్టి చూసింది. మెరుగుపెట్టిన కొమ్ములు కదా, గులకరాళ్ల మూట మీద కొట్టినట్టు టకటకమంది.

ముందు గుడ్డపీలిక సన్న కడ్డీకి చుట్టి గొట్టం తుడిచింది. పీలిక పసుపచ్చగా బయటికి వచ్చింది. ఇంట్లో ఎగిరే పొడి నూనెకు అంటుకుని లోపల పూతలా పట్టింది. అది పోయేదాకా పీలికలు మార్చి మార్చి తుడిచింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ట్రిగ్గర్ ఒత్తినంక ఛర్రా బయట వడే లోపట్నే తుపాకి ఒకసారి ఎగురుతది బిడ్డా. మెత్తగ పట్టుకుంటే ఎప్పుడూ ఒక్కతీర్గనే ఎగురుతది. గిసొంటి గట్టి దాని మీద వెడితే మీదికి తంతది. బస్తా మీద ఎవలు కొట్టినా గట్లనే అయితది."

ఇంతేనా, తప్పు నాది కాదన్నమాట అని నేను ఎగిరి గంతేయబోయాను. అత్త నా భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఆగు. డబ్బా ఎన్క ఏమున్నదో సూడకుంట కొట్టినవు. ముసలామె కన్ను పోతే ఏం జేద్దువు? గది నీ తప్పే, గది ఒప్పుకో. బస్తా తప్పు మాత్రం నీ నెత్తినేసుకోకు. ఎవలన్నా సరే, ఏసుకోకు."

ఆ మాట అంటూనే తుపాకిని ఒళ్లోకి తీసుకుంది. ఆమె తుపాకి కూడా పొద్దునకల్లా పోయేదే కదా.

వెలుగు ఉన్నంతసేపూ పట్టుకోవడం నేర్పింది. ఎడమ అరచెయ్యి చాపి, వేళ్లు బిగించకుండా తుపాకిని దాని మీద ఊరకే ఉంచాలి. భుజానికి ఆనీ ఆననట్టు ఆనించాలి. తునికాకును పిసికితే చిరిగిపోతుంది, వదిలేస్తే బీడీ నిలవదు, ఆ మధ్యన పట్టు ఉంటుంది చూడు, అదే పట్టు అంది. నేను అప్పటికే సెలవుల్లో ఆమె పక్కన కూర్చుని బీడీలు చుట్టేదాన్ని, కాబట్టి చేతికి వెంటనే తెలిసిపోయింది. ట్రిగ్గర్ గుంజవద్దు, ఊపిరి సగం వదిలి మెల్లగా ఒత్తుతూ పో, ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు అంది.

పొద్దున్నే పెదనాన్న, పక్కింటి పెద్దాయన, వాడవాళ్లు పెరట్లో చేరారు. ఇనుపసామాను వాడు కూడా తోపుడుబండితో గేటు దగ్గర సిద్ధంగా ఉన్నాడు. మా అన్న ఒక మూల గోడకు అతుక్కుని నిలబడ్డాడు. అత్త గడ్డివాముకు పాత పేపరు గుచ్చి, నడుమ బొగ్గుతో చుక్క పెట్టింది. వాము వెనక ఖాళీ గోడ తప్ప ఏమీ లేదని అందరికీ చూపించింది. నన్ను బస్తా మీద ఆనించి కొట్టమంది. మూడు కొట్టాను. మూడు చిల్లులూ చుక్కకు బెత్తెడు పైన పడ్డాయి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

తర్వాత బస్తాను పక్కకు తోసి, నేలమీద కూర్చుని, మోకాలి మీద మోచెయ్యి, అరచేతిలో తుపాకి పెట్టుకుని మూడు కొట్టాను. మూడూ చుక్కను అంటుకునే పడ్డాయి. ఒకటి చుక్కలోనే పడింది. నవ్వినవాళ్లే దగ్గరికొచ్చి చిల్లులు లెక్కపెట్టారు.

అత్త తుపాకి తీసుకుపోయి అన్న చేతిలో పెట్టింది. "నువ్వు గూడ బస్తా మీదికెల్లి కొట్టురా."

వాడు కొట్టాడు. బెత్తెడు పైన. మళ్లీ కొట్టాడు, మళ్లీ పైనే. వాడి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నేలచూపులు చూస్తూ, "బస్తా మీద వెట్టి కొట్టుమన్నది నేనే బాపూ" అన్నాడు. పెదనాన్న నమ్మలేదు. ధోవతి ఎగ్గట్టి, తనే బస్తా ముందు కూలబడి, దాని మీద ఆనించి కొట్టాడు. ఛర్రా పేపరును కూడా దాటి గడ్డిలోకి పోయింది.

నేను లేచి నిలబడ్డాను. పెదనాన్న వంకే చూస్తూ అన్నాను, "ఎన్క ఏమున్నదో సూడలే, గది నా తప్పు. ఆడిపిల్లనని తప్పలే. బస్తా మీద వెట్టి కొట్టిన కాబట్టి తప్పింది. మీది కూడ తప్పింది పెద్దబాపూ."

ఇంకో చెంపదెబ్బ ఖాయమనుకున్నాను. పెదనాన్న నా వంక చూశాడు, బస్తా వంక చూశాడు, చేతులు దులుపుకుని లేచాడు. ఇనుపసామాను వాడితో, వచ్చినందుకు ఆ ఓటి బకెట్టు పట్టుకుపో అన్నాడు. క్షమించాననో, శభాష్ అనో ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన నోటికి అంతకంటే చేతకాదని నాకు తర్వాత అర్థమైంది.

నేను ఎవరూ చెప్పకుండానే పక్కింటి మేడ ఎక్కి ముసలమ్మ ముందు నిలబడ్డాను. అద్దం లేని కిటికీలోంచి ఆమె అంతా చూస్తూనే ఉంది. నేను కాళ్లు మొక్కితే తల మీద చెయ్యి పెట్టి, "నా కండ్లు పోతే నీ గురి ఏం జేసుకుందువే?" అంది. ఆ ఒక్క మాటకు మాత్రం నా తల వంగింది. వంగాల్సిందే.

మామయ్య తిరిగొచ్చాడు, రెండు మూడు జాతరల్లో బుగ్గల దుకాణం పెట్టాడు. దుకాణం ముందు నిలబడి, ఆడపిల్లలు వస్తే అరచెయ్యి చాపించి పట్టు చూపేది అత్త. కన్నుమూసే ముందు ఆ తుపాకిని నాకిచ్చింది. ఇప్పటికీ ఏడాదికి ఒకసారి ఒక చుక్క నూనె వేస్తాను.

నేను పెద్దయ్యాక భూములు కొలిచే ఉద్యోగంలో చేరాను. మొదటి రోజున చెట్టు నీడలో నాకు ఒక కుర్చీ వేశారు. ఎండ ఎక్కువ మేడమ్, మేము కొలుచుకొస్తాం, మీరు సంతకం పెడితే చాలు అన్నారు. వాళ్లది మర్యాదే, మా అన్నది కూడా మర్యాదే. కానీ కొలత తప్పితే కాగితం మీద ఉండే పేరు నాది, ఆడమనిషిని పెడితే ఇంతే అనే మాట కూడా నాకే. నేను కుర్చీ మడిచి జీపులో పెట్టించి, కొలిచే గొలుసు పట్టుకుని చేలో దిగాను. నా కొలతలూ ఒకటి రెండు తప్పాయి. అవి నా తప్పులు, ఒప్పుకుని దిద్దుకున్నాను. ఇన్నేళ్లలో నాకోసమని ఎన్నెన్నో ఆసరాలు తెచ్చి పెట్టారు, ఇంట్లోనూ బయటా. ఆడదానివి కదా అని ఎవరైనా ఒకటి తెచ్చినప్పుడల్లా నా చెవిలో ఆ పసుపు బస్తా టకటక వినిపిస్తుంది. ఆ ఆసరాను పక్కకు తోసి, నా అరచెయ్యి చాపుతాను.